వేలెడు వంకర

అయస్కాంతం కుట్టుమిషను కింద నుంచి ఇవతలకి వచ్చేసరికి దానికి గుండుసూదులు గడ్డంలా వేలాడుతున్నాయి. ఆమె వాటిని వేళ్ళతో దువ్వి డబ్బాలో రాల్చుకుని, అయస్కాంతానికి కట్టిన తాడును మళ్ళీ చేతికి చుట్టుకుని, బల్ల అవతలి కాళ్ళ మధ్యకి తోసింది. ఆ ఇంట్లో పొద్దున్నే చీపురు కంటే ముందు నేల మీద తిరిగేది అదే.

“ఆ మూల మిగిలింది,” అంది అత్తగారు మంచం మీద నుంచి. సూదులు ఏరడం అయ్యేదాకా ఆవిడ కాళ్ళు కిందకి దించదు. “మొన్న నా మడమలోంచి తీసింది నీ సూదే.”

“మీ మడమలో దిగి అదే వంగిపోయింది అత్తయ్యా. మళ్ళీ పనికిరాలేదు.”

“వంగదూ మరి. నా మడమంటే ఏమనుకున్నావ్.”

వెనక వరండాలోంచి రాతి మీద ఇనుము నూరుతున్న చప్పుడు మొదలైంది. ఆమె చెయ్యి ఆగింది. చప్పుడును బట్టే అది తన పెద్ద కత్తెర అని తెలిసిపోయింది. నిన్న కూడా భర్త దానికే పదును పెట్టాడు. మొన్నా దానికే. ఇప్పుడా కత్తెర బట్ట మీద ఆనిస్తే చాలు, ఆమె ఇంకా గీత చూసుకుంటుండగానే కోసుకుంటూ పోతోంది. ఒక లంగా అంచు అలాగే పాడైంది కూడా. ఆ సంగతి ఆమె అతనికి చెప్పలేదు.

“ఇంట్లో పదును లేనిది గరిటె ఒక్కటే మిగిలింది,” అంది అత్తగారు గొంతు తగ్గించి. “రేపు దాని పనీ పడతాడు. కూర కలుపుతుంటే గిన్నె తెగుతుంది.”

ఆమె నవ్వింది గానీ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

ఆమె భర్తది సాన పట్టే పని. సైకిలే అతని దుకాణం. ఏ గుమ్మం ముందో ఆగి, స్టాండు వేసి, బెల్టును సానరాయికి తగిలించి, సీటు మీద కూర్చుని తొక్కడం మొదలుపెడితే రాయి జుయ్యిమని తిరిగేది. వీధుల్లో పిల్లలు అతనికి జుయ్యిమావయ్య అని పేరు పెట్టారు. పోనుపోను పెద్దవాళ్ళ నోళ్ళకీ అదే అలవాటైంది. వంటవాళ్ళు, క్షవరం చేసేవాళ్ళు, తోటపని చేసేవాళ్ళు మొద్దుబారిన కత్తులతోపాటు కబుర్లు కూడా అతని కోసం దాచిపెట్టేవాళ్ళు. అతను సాయంత్రం ఇంటికొచ్చి చెయ్యి కడుక్కుంటూనే ఆ కబుర్లన్నీ విప్పేవాడు. ఎవరి మాటలు వాళ్ళ గొంతుతోనే పలికేవాడు. ఆమె మిషను తొక్కుతూ వినేది. అలా వింటూ కుట్టిన కుట్లు తిన్నగా పడేవి.

వానలకు ముందు, ఒకనాడు వంతెన దిగుతుండగా, హ్యాండిల్ దగ్గర అతుకు తెగి సైకిలు ఫ్రేము రెండైంది. అతను ముందుకు ఎగిరి పడ్డాడు. భుజం ఎముక విరిగింది. ఎముక అతుక్కుంది. డాక్టరు ఆ చేతిని పైకీ కిందకీ తిప్పి చూసి, ఇంక తన మొహం చూడక్కర్లేదని నవ్వుతూ పంపించేశాడు. సైకిలుకి కూడా ఫ్రేము తెగడం తప్ప పెద్ద దెబ్బేం తగల్లేదు. చక్రాలు, చైను, సానరాయి, బరువు మోసే ఇనప స్టాండు అన్నీ వరండాలో గోనెపట్టా కింద భద్రంగా ఉన్నాయి. కావలసింది ఒక్క ఫ్రేము.

“మంచి ఫ్రేము దొరకనీ. మర్నాడే వెళ్తాను,” అనేవాడు.

ఫ్రేములు దొరికాయి. సైకిళ్ళు బాగుచేసేవాడు తనే ఒకటి మోసుకొచ్చాడు. జుయ్యిమావయ్య దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, కింది గొట్టం వెంట బొటనవేలు పోనిచ్చి, ఒకచోట ఆపాడు. రంగు అక్కడ సన్నగా ముడత పడి ఉంది. “ఇది దేన్నో ఎదురుగా గుద్దింది,” అన్నాడు. నిజమే, గుద్దింది. పక్కింటివాళ్ళ అన్నగారిది ఇంకొకటి వచ్చింది. దానికి ఆమె అయస్కాంతం అడిగి తీసుకుని గొట్టాల మీద ఆనించుకుంటూ పోయాడు. ఒకచోట అయస్కాంతం పట్టుకోకుండా జారిపోయింది. రంగు కింద ఇనుమును తుప్పు తినేస్తే, లప్పం పెట్టి పూశారు. మూడోదానికి సీటు కడ్డీ గొట్టంలోనే తుప్పుపట్టి బిగుసుకుపోయింది. తప్పు పట్టిన ప్రతిసారీ తప్పు అక్కడ ఉంది. అతను అబద్ధం చెప్పాడనడానికి లేదు.

నాలుగోది వచ్చిన రోజు ఆమె కుట్టడం ఆపి, గుమ్మంలో నిలబడి చూసింది. అతను రంగు చూశాడు, అయస్కాంతం పెట్టాడు, దూది తీసుకుని అతుకుల మీద రుద్దాడు. పగులు ఉంటే దూది పోగు అందులో చిక్కుకుంటుంది. ఎక్కడా చిక్కుకోలేదు. దారం కట్టి వంకర చూశాడు. తిన్నగా ఉంది. చివరికి వేలి కణుపుతో గొట్టం మీద కొట్టి, తల వంచి విన్నాడు.

“మోత బాగాలేదు,” అన్నాడు. ఫ్రేము తిరిగి వెళ్ళిపోయింది.

అప్పుడర్థమైంది ఆమెకి. ఆ మనిషి ఫ్రేములో మంచి కోసం వెతకడం లేదు. ఇంట్లో ఉండిపోవడానికి దారి వెతుక్కుంటున్నాడు. ఆ మాట మొహాన అంటే ఇంకో నాలుగు నెలలు కత్తెర నూరుతాడు. అనకపోయినా నూరుతాడు. ఇంట్లోనే ఉన్నాడు గానీ, సాయంత్రం చెయ్యి కడుక్కుంటూ కబుర్లు చెప్పే మనిషి మాత్రం వంతెన దగ్గర్నుంచి ఇంకా ఇంటికి రాలేదు.

అందుకే ఈసారి ఫ్రేమును తనే వెళ్ళి చూడాలనుకుంది. అతను చూసినట్టే చూడాలి. అతను పట్టగల తప్పులన్నీ తను ముందే పట్టి, ఏమీ లేదని తేలితేనే ఇంటికి తేవాలి. సూదులు డబ్బాలో పోసి, అయస్కాంతాన్ని తాడు విప్పి సంచీలో వేసుకుంది. దిండు కుట్టగా మిగిలిన దూది ఇంత పెట్టుకుంది.

“రొట్టెలామెకి కుట్టిన ఏప్రన్లు ఇచ్చొస్తాను అత్తయ్యా,” అని వరండా దాకా వినబడేలా చెప్పింది.

“అయస్కాంతం ఎందుకు, ఆవిడ రొట్టెల్లో మేకులున్నాయా,” అంది అత్తగారు నెమ్మదిగా. ఆవిడ కళ్ళకి పొర వచ్చిందంటారు గానీ, ఎదుటివాళ్ళు దాచాలనుకున్నవే ముందు కనబడతాయి. తర్వాత తనే చేత్తో వెళ్ళమని సైగ చేసింది.

రొట్టెల దుకాణం రెండు వీధుల అవతల. ముందుగది గాజు అల్మరాలతో తళతళలాడుతుంటుంది, వెనక బట్టీ గదిలో మాత్రం గోడలు కూడా తెల్లగా పిండి పట్టి ఉంటాయి. రొట్టెలామె చిన్న వ్యాను కొనుక్కున్నప్పటి నుంచి, అంతకు ముందు రొట్టెలు మోసిన సైకిలు విప్పేసి, ఫ్రేమును బట్టీ పక్క గోడకి పెద్ద మేకుకి తగిలించేసింది. ఏప్రన్ల కొలతలు ఇవ్వడానికి వచ్చినప్పుడు మాటల్లో ఆ సంగతి చెప్పింది.

“దించుకో, నాకు చేతులు ఖాళీ లేవు,” అంది రొట్టెలామె మోచేతుల దాకా పిండిలో పెట్టి. “పాత ఇనుమువాడు సాయంత్రం వస్తానన్నాడు. నువ్వు కావాలంటే వాడికి లేదంటాను.”

ఆమె ముక్కాలిపీట ఎక్కి ఫ్రేమును దించింది. ముందు ఫోర్కు కూడా దానితోనే ఉంది. బరువుంది. బరువుగా ఉండడం మంచిదే, సానరాయి మొయ్యాలి. కిటికీ దగ్గరికి తెచ్చి, నేల మీద ఖాళీ పిండిగోతాం పరిచి దాని మీద పెట్టింది. గొట్టాల మీద పిండి మందంగా పేరుకుని ఉంది. నల్లరంగు మీద తెల్లగా, వేలితో పేరు రాసుకోవచ్చు.

హ్యాండిల్ దూరే గొట్టం దగ్గర, సరిగ్గా అతుకు కింద, సన్నటి తెల్ల గీత కనబడింది.

అతని సైకిలు తెగింది అక్కడే. పగుళ్ళలో పిండి దూరి కూర్చుంటే ఇలాగే గీతలా కనబడుతుంది. చీర కొంగుతో తుడిచింది. గీత పోలేదు. దూది తీసి దాని మీద అడ్డంగా లాగింది, పోగు చిక్కలేదు. నిలువుగా లాగింది. చిక్కలేదు. గోరు పెట్టి గీకింది. గోటికి ఏ లోతూ తగల్లేదు. మొహం దగ్గరికి తెచ్చి చూస్తే అది రంగులో గీత. సైకిలుకి సోకుగా చుట్టూ తెల్లగీత వేశారు ఒకప్పుడు. మిగతాది చెరిగిపోయి అక్కడ వేలెడు మిగిలింది.

ఆమె ఊపిరి వదిలిన చప్పుడు విని రొట్టెలామె ఇటు తిరిగింది.

“ఏమైంది అమ్మాయ్.”

“ఏం లేదక్కా. గీత.”

అయస్కాంతం తీసి ప్రతి గొట్టం మీదా ఆనించింది. ఎక్కడ పెట్టినా టక్కున పట్టుకుంది. కింది గొట్టం వెంట బొటనవేలు పోనిచ్చింది, వెలుతురు వాలుగా పడేలా తిప్పి చూసింది. ముడత లేదు. తుప్పు అసలే లేదు. ఇన్నాళ్ళు బట్టీ వేడికి ఎండుతూ ఉన్న ఇనుముకి తుప్పు ఎక్కడి నుంచి వస్తుంది. సీటు కడ్డీ తిప్పితే మెత్తగా తిరిగింది. చివరికి, ఎవరూ చూడడం లేదనుకుని, వేలి కణుపుతో కొట్టి చెవి ఆనించింది.

“మీ ఆయన్ని కూడా ఇంత పరీక్షగా చూసి చేసుకుని ఉండవు,” అంది రొట్టెలామె.

“అప్పుడు అయస్కాంతం తీసుకెళ్ళలేదక్కా.”

రొట్టెలామె పిండిచేత్తోనే నోరు మూసుకుని నవ్వింది. మీసాలు వచ్చాయి. “సరే, మోగిందా.”

“మోగింది. బాగా మోగిందో లేదో నాకు తెలీదు.”

“తిన్నగా ఉందా మరి. అది చూడాలి అసలు.”

“దానికి దారం కట్టాలి,” అని ఆమె సంచీలో చెయ్యి పెట్టి వెతికింది. టేపు ఉంది. దూది ఉంది. దారం లేదు. పొద్దున్నే లేచింది మొదలు పడుకునేదాకా దారంతో బతికే మనిషి, దారం మర్చిపోయి వచ్చింది.

“ఇది నేను పిండి మర్చిపోయినట్టే ఉంది,” అంది రొట్టెలామె. “ఇంటికి తీసుకుపో. కట్టుకో, విప్పుకో, మీ ఆయనకి చూపించుకో. వద్దనుకుంటే సాయంత్రం లోపు తెచ్చి ఈ మేకుకే తగిలించు. మోమాటం ఏం వద్దు.”

ఆమె తల ఫ్రేము మధ్యలోంచి దూర్చి, భుజానికి తగిలించుకుని బయల్దేరింది. వీధిలో వాళ్ళు దారి ఇచ్చారు. క్షవరం షాపతను గుమ్మంలోకి వచ్చి, “మావయ్య వస్తున్నాడా,” అని అడిగాడు. ఆమె తల ఊపింది. అవునన్నట్టూ ఉంది, కాదన్నట్టూ ఉంది. అతను తన గడ్డం తడుముకుని, “మా కత్తులతో గీయించుకున్నవాళ్ళు ఇంక తిరిగి రావడం లేదు,” అన్నాడు.

ఇల్లు చేరేసరికి వరండాలో చప్పుడు లేదు. అతను పెరట్లో నీళ్ళు తోడుతున్నాడు. మంచిదే అనుకుంది. అతను చూసేలోపు దారం పరీక్ష కూడా అయిపోతే, ఇంక పట్టడానికి తప్పు మిగలదు. ముందుగదిలో ఫ్రేమును కుట్టుమిషను బల్లకి ఆనించి నిలబెట్టి, గుండీలు కుట్టే గట్టి దారం ఉండ తీసింది. వెనక చక్రం ఇరుసు కూర్చునే రెండు చీలికల్లో కుడిదానికి దారం కట్టి, ముందుకు లాగి, హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, ఎడమ చీలిక దగ్గరికి తెచ్చి బిగించింది. ఇప్పుడు దారం సీటు గొట్టానికి అటూ ఇటూ ఒకే ఎడంలో ఉండాలి. ఉంటే ఫ్రేము తిన్నన. లేకపోతే వంకర.

కుడివైపు టేపు పెట్టి కొలిచింది. బల్లకి ఆనించిన వైపు ఎడమది. అక్కడ ఒక చేత్తో ఫ్రేము పడకుండా పట్టుకుని, మీదుగా వంగి, రెండో చేత్తో కొలిచింది.

ఒకటి కాలేదు.

మళ్ళీ కొలిచింది. అదే వచ్చింది. కుడివైపు ఎడం ఎక్కువ, సుమారు వేలెడు మందం. దారం ముడి జారిందేమోనని విప్పి, కొత్తగా కట్టి మూడోసారి చూసింది. అదే వేలెడు.

ఆమె నేల మీద చతికిలపడింది.

“ఏమంటోంది,” అంది అత్తగారు మంచం మీద నుంచి.

“వంకర అత్తయ్యా. వేలెడు.”

“వేలెడేగా. నీ మావగారి నడకే అంతకంటే ఎక్కువ వంకరుండేది. నలుగురు పిల్లల్ని కన్నాం.”

“ఇది మనిషి కాదుగా. రాయి పెట్టి తొక్కితే చక్రం పక్కకి ఒరుస్తుంది. బెల్టు జారుతుంది.”

మాట పూర్తి కాకుండానే వెనక తలుపు దగ్గర అలికిడి అయింది. అతను భుజం మీద తువ్వాలుతో, తడి చేతులతో నిలబడి ఉన్నాడు. ఫ్రేము కేసి చూశాడు, దారం కేసి చూశాడు, ఆమె కేసి చూశాడు.

“ఎక్కడిది,” అన్నాడు.

“రొట్టెలామెది. మీకు చెప్పకుండా వెళ్ళాను. అన్నీ చూశాను. తుప్పు లేదు, లప్పం లేదు, పగులు లేదు. అయితే వంకర. సాయంత్రం తిరిగి ఇచ్చేస్తాను.”

ఆమె మాటలు చెబుతున్నంత మామూలుగా గొంతు లేదు. అతను అది విన్నాడో లేదో గానీ, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, “నేను చెప్పలేదూ, దొరకడం అంత తేలిక కాదని,” అన్నాడు. అందులో ఒక నెమ్మది ఉంది. ఇవాళ్టికి గండం గడిచిందన్న నెమ్మది. వెనక్కి తిరిగి రెండడుగులు వేశాడు కూడా.

ఆగాడు.

“ఏ వైపు,” అన్నాడు.

“కుడి.”

అతను వచ్చి ఫ్రేము వెనక గొంతుకూర్చుని, ఒక కన్ను మూసి, వెనక చీలికల మధ్యలోంచి ముందు గొట్టాన్ని చూశాడు. కత్తి అంచుకి పదును ఎంతవరకు వచ్చిందో చూసే చూపే అది. తల కొంచెం పక్కకి జరిపి మళ్ళీ చూశాడు.

“నాకు అలా కనబడడం లేదు.”

“మూడుసార్లు కొలిచాను.”

“ఎన్నిసార్లు కొలిస్తే ఏం. వేలెడు వంకరుంటే ఇక్కడి నుంచి సీటు గొట్టం పక్కన హ్యాండిల్ గొట్టం తొంగి చూడాలి. చూడడం లేదు.”

“దారం నాకు అబద్ధం చెబుతుందా. నాకు దారం కొత్తా.”

“దారం కొత్త కాదు. ఫ్రేము కొత్త.”

“అయితే మీరే అనండి వంకర లేదని. ఇప్పటిదాకా వచ్చిన ప్రతిదాన్నీ మీరేగా వద్దన్నారు. ఇవాళ నేను వద్దంటే మీకు ఇది ముద్దొస్తోందా.”

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. అత్తగారు మంచం మీద సర్దుకుని కూర్చుంది. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో వాదన వినబడుతోంది. వాళ్ళిద్దరూ ఇన్ని నెలలూ ఒకరికొకరు మెత్తగా, ఆసుపత్రిలో మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుంటున్నారు.

“ముద్దూ లేదు మురిపెం లేదు,” అన్నాడు అతను. మొహం ఎర్రబడింది. “లేని వంకర ఉందంటే ఊరుకోను. నా ముందు కొలువు. చూస్తాను.”

ఆమె విసురుగా టేపు అందుకుని కుడివైపు కూర్చుంది. కుడిచేత్తో టేపు కొస సీటు గొట్టానికి నొక్కిపెట్టింది. ఎడమచేత్తో దారాన్ని పట్టుకుని అంకె చూసింది.

“ఇదిగో. చూడండి.”

అతను అంకె చూడలేదు. ఆమె చెయ్యి చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ ఉండగా పెదవి ఒక పక్క వణికింది.

“వేలు తియ్యి,” అన్నాడు.

“ఏ వేలు.”

“దారం కింద నీ వేలు. తియ్యి.”

ఆమె చూసుకుంది. ఎడమచేతి చూపుడువేలు దారం కింద దూరి ఉంది. ఒంటి కొలత తీసేటప్పుడు టేపు కింద వేలు పెడుతుందే, బట్ట ఒంటిని పట్టెయ్యకుండా లూజు కోసం, అలాగే. పెళ్ళి కాకముందు పని నేర్పిన కుట్టుపంతులమ్మ చేతి మీద కొట్టి కొట్టి అలవాటు చేసిన వేలు అది. ఎవరి నడుము చుట్టూ టేపు తిప్పినా తనకి తెలియకుండానే అది లోపలికి వెళ్ళిపోతుంది. దారాన్ని గొట్టం మీద నుంచి వేలెడు ఎత్తి పట్టుకుని ఉంది. ఎడమవైపు కొలిచేటప్పుడు ఆ చెయ్యి ఫ్రేమును పట్టుకుని ఉంది కాబట్టి, అక్కడ దూరడానికి వేలు లేదు.

వేలు తీసింది. దారం టప్పున తన చోటికి వెళ్ళి నిలిచింది. టేపు మీద అంకె ఎడమవైపు అంకెకి సరిపోయింది.

“దానికి చొక్కా కుడుతున్నావా,” అన్నాడు అతను. “లూజు పెట్టి కొలుస్తున్నావ్. ఇనుముకి ఊపిరి ఆడక్కర్లేదు.”

అని నవ్వాడు. మొదట ముక్కుతో, తర్వాత భుజాలతో, చివరికి విరిగి అతుక్కున్న భుజాన్ని రెండో చేత్తో పట్టుకుని మరీ నవ్వాడు. ఆమె సిగ్గుపడాలా, కోప్పడాలా అని తేల్చుకునేలోపు తనూ నవ్వేసింది. అత్తగారు, “పండక్కి చేతులు కూడా కుట్టు దానికి,” అని అందుకుంది.

నవ్వు దానంతట అది తగ్గింది. తగ్గాక గదిలో ఫ్రేము ఒక్కటే మిగిలింది, దారం కట్టుకుని, తిన్నగా.

అది అతనికీ తట్టింది. ఆమె చూస్తుండగానే అతని మొహంలోంచి ఆ నవ్వు ఇంకిపోయింది. చెయ్యి చాపి ఫ్రేమును దగ్గరికి లాక్కున్నాడు. అతుకు మీద బొటనవేలు పెట్టాడు. ఇప్పుడు ఏదో ఒకటి అంటాడు. మోత అంటాడు, బరువు అంటాడు. అననీ. ఈసారి అంటే తను ఏమీ అనదు, మోసుకెళ్ళి మేకుకి తగిలించి వస్తుంది.

“ఆ రోజు పొద్దున్న కూడా చూశాను,” అన్నాడు అతను.

ఆమె టేపు చుట్టి పక్కన పెట్టింది.

“బయల్దేరే ముందు రోజూ చూసేవాణ్ణి. నీకు తెలుసుగా. ఆ రోజూ చూశాను. ఇదే అతుకు మీద, ఇలాగే వేలు పెట్టాను. ఏమీ తగల్లేదు నా చేతికి. బాగుంది అనుకుని ఎక్కాను.” వేలు ఇంకా అక్కడే ఉంది. “అంత చూసినవాణ్ణి, వంతెన కూడా దాటలేదు. ఇప్పుడు ఇది బాగుందని ఈ చెయ్యి చెబితే, ఏం నమ్మను.”

ఇన్ని నెలలూ అతను ఫ్రేములంటే భయపడుతున్నాడనుకుంది ఆమె. ఫ్రేములంటే కాదు. తన చెయ్యంటే. ఎవరికీ చెప్పుకోలేని భయం అది. అందరూ ఆ చేతి మీద నమ్మకంతోనే కదా కత్తులు ఇచ్చేది.

ఆమె దారం ముడి విప్పుతూ, ఉండకి చుట్టుకుంటూ, మెల్లగా అంది.

“ఇందాక దారం వంకర అంది. నేనూ మూడుసార్లు వంకర అన్నాను. మీ కన్ను ఒక్కటే కాదంది.”

అతను బొటనవేలు అతుకు వెంట మళ్ళీ పోనిచ్చాడు.

“అంతే. ఇంకేం లేదు,” అంది ఆమె. “సాయంత్రం లోపు రొట్టెలామెకి ఏదో ఒకటి చెప్పాలి. ఇనుమువాడు వస్తాడు.”

లేచి మిషను దగ్గరికి వెళ్ళి, సగంలో ఆగిన పిల్లల నిక్కరు తీసుకుని కుట్టడం మొదలుపెట్టింది. వెనక ఏం జరుగుతోందో చూడలేదు. చూడకుండా ఉండడానికి చాలా కష్టపడింది. కాసేపటికి వరండాలో గోనెపట్టా లాగిన చప్పుడు వినబడింది. తర్వాత ఇనప డబ్బా మూత తీసిన చప్పుడు. తర్వాత అతని గొంతు.

“పాత గుడ్డ ఏమైనా ఉందా. పిండి తుడవాలి దీనికి. ఎలకలు పడతాయి.”

అత్తగారు కోడలి కేసి చూసి, మంచం మీద నుంచి ఎవరూ అడగకుండానే కాళ్ళు దించి, “నేను రొట్టెలామెతో చెప్పొస్తాను, నాకూ నడిచినట్టుంటుంది,” అంది.

ఆ మధ్యాహ్నం అంతా వరండాలో పని సాగింది. అతను తక్కువ మాట్లాడాడు. స్పానర్ ఇయ్యి, ఇది పట్టుకో, ఇంకొంచెం ఎత్తు. ఆమె పట్టుకోమన్నచోట పట్టుకుంది, వేలు ఎక్కడుందో చూసుకుంటూ. చక్రాలు ఎక్కాయి. చైను కొత్త నూనె తాగింది. సానరాయిని దాని చోట కూర్చోబెట్టి చేత్తో ఒకసారి తిప్పితే అది చిన్నగా, నిద్రలో మూలిగినట్టు జుయ్యిమంది. వెలుతురు తగ్గేసరికి సైకిలు నిలబడింది. అతను దాని మీద ఎక్కలేదు. ముందుగదిలోకి తెచ్చి గోడ పక్కన స్టాండు వేసి, “చూద్దాం,” అన్నాడు. ఆ చూద్దాంలో ఏముందో ఆమె అడగలేదు.

మర్నాడు పొద్దున్న ఆమె మిషను సూదిలో దారం ఎక్కిస్తుంటే అతను లోపలి గదిలోంచి వచ్చాడు. పనికి వేసుకునే చొక్కా వేసుకున్నాడు, జేబు దగ్గర నిప్పురవ్వలకి చిల్లులు పడ్డ చొక్కా. ఇన్ని నెలలు మడతలో ఉండి దాని మీద అడ్డంగా గీత పడింది. నూనెసీసా, గుడ్డలు ఉన్న సంచీని హ్యాండిల్‌కి తగిలించాడు. వంగి, హ్యాండిల్ కింది అతుకు మీద అరచెయ్యి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉంచాడు. కత్తెర ఆడే చప్పుడు లేదు, నీళ్ళ చప్పుడు లేదు. తర్వాత చెయ్యి తీశాడు.

అత్తగారు నోరు తెరిచింది. ఎక్కడికిరా అన్న మాట ఆవిడ పెదవుల దాకా వచ్చేసింది. ఆమె దారం పళ్ళతో పట్టుకునే ఆవిడ కేసి చూసి, వద్దని తల అడ్డంగా ఊపింది. ఇప్పుడు అడిగితే అతను జవాబు చెప్పాలి. చెబితే, చెప్పిన మాట తన చెవులతో తనే వినాలి, విని మళ్ళీ ఆగిపోవచ్చు. అత్తగారు నోరు మూసుకుని, ఎందుకైనా మంచిదని చేత్తో కూడా మూసుకుంది.

అతను స్టాండు తీశాడు. ముందు చక్రాన్ని ఎత్తి గడప దాటించాడు, వెనక చక్రం దానంతట అది దిగింది. వెనక్కి తిరిగి చూడలేదు, వస్తానని అనలేదు. సీటు మీద ఒక చెయ్యి వేసుకుని, సైకిలును నడిపించుకుంటూ వీధిలోకి వెళ్ళిపోయాడు.